పుష్ చేశావా, లేదా?

విశాఖపట్నం

తమ్ముడూ,

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కొత్తవాళ్లు చేసే తప్పుల మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒక్కచోట తప్ప కమాండ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. వరసే కుదరలేదు. రేపు ప్రాజెక్టు సబ్మిట్ చేయాల్సిన కుర్రాడు మధురవాడ హాస్టల్లో అర్ధరాత్రి నీ వ్యాసం తెరిచాడనుకో. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ ఎందుకు తయారుచేశాడో అప్పుడు వాడికి అక్కర్లేదు. తన పని ఉందా, పోయిందా అన్నదే వాడి టెన్షన్.

అందుకే మొదట్లోనే అడుగు: ఆ కమిట్‌ను (గిట్‌లో భద్రపరచిన మార్పును) పుష్ చేశావా, అంటే సర్వర్‌కు పంపావా, లేదా? చేయకపోతే అది ఇంకా వాడి కంప్యూటర్లోనే ఉంది. మెసేజ్ తప్పు రాసినా, ఫైలు కలపడం మర్చిపోయినా అమెండ్ కమాండ్‌తో చివరి కమిట్‌ను సరిచేసుకోవచ్చు. పుష్ అయిపోయి, తోటివాళ్లు దాని మీద పని మొదలుపెట్టి ఉంటే మాత్రం పాత చరిత్ర కదపొద్దని గట్టిగా చెప్పు. రివర్ట్ చేస్తే ఆ మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్ చేరుతుంది. ఫోర్స్ పుష్ కొడితే, అంటే సర్వర్లో ఉన్నదాని మీద తనది బలవంతంగా రుద్దితే, స్నేహితుడి కమిట్లు సర్వర్లోని బ్రాంచి (కమిట్ల వరస) నుంచి ఎగిరిపోవచ్చు.

ఫైళ్లను బలవంతంగా ఒక కమిట్ స్థితికి తిప్పేసే రీసెట్ హార్డ్‌ను ఒక్క లైనులో దాటేశావు. అసలు ఆగాల్సింది అక్కడే. కమిట్ చేసినవి మాయమైనట్టున్నా రెఫ్‌లాగ్‌లో (గిట్ రాసుకునే కదలికల చిట్టాలో) వెతికితే దొరుకుతాయి. ఏ బ్రాంచికీ అందని కమిట్ల ఆనవాళ్లను కూడా గిట్ మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. కానీ యాడ్ కూడా చేయని (కమిట్ కోసం సిద్ధం చేయని) మార్పులను రీసెట్ హార్డ్ తుడిచేస్తే గిట్ వాటిని తిరిగి ఇవ్వలేదు. ఈ తేడాకు ఒక పేరా మొత్తం ఇవ్వు.

ఇక ఆ తప్పు. పాస్‌వర్డున్న ఫైలు పొరపాటున రిపోలోకి (ప్రాజెక్టు ఫైళ్లూ చరిత్రా ఉండే గిట్ నిల్వలోకి) వెళ్తే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) చేరిస్తే చాలన్నావు. చాలదు. అప్పటికే ట్రాక్ అవుతున్న ఫైలు మీద గిట్‌ఇగ్నోర్ పనిచేయదు. ఫైలు తీసేసి మళ్లీ కమిట్ చేసినా పాత కమిట్లలో పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. పుష్ అయి ఉంటే ముందు పాస్‌వర్డే మార్చాలి. ఫిల్టర్ రిపో అనే సాధనంతో చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. నీ మాట నమ్మి ఎవరైనా తాళం తీసి ఉంచేస్తే ఆ బాధ్యత మనదే కదా!

ఒక ఉత్తుత్తి రిపో పెట్టుకుని, ప్రతి తప్పూ కావాలనే చేసి, నువ్వు చెప్పిన పద్ధతిలోనే బయటపడి చూడు. తర్వాత తిరగరాసి పంపు. ద్వారకానగర్ వైపు వస్తే లాప్‌టాప్ కూడా తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య