టెక్ సందేహాలు: విలీనాలు, మరకల టీవీ, ఆగిపోయిన సహస్రనామం, మెరిసే డబ్బా

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను వేడెక్కుతోందనో, పాస్‌వర్డ్ మరచిపోయామనో ఉంటాయి. ఈ వారం నాలుగు ఉత్తరాలు మాత్రం వేరే దారిలో వచ్చాయి. నలుగురూ చివర్లో ఒకే మాట రాశారు: ‘మీ సొంత అభిప్రాయం చెప్పండి’. సాధారణంగా ఆ పని చేయను. అడిగారు కనుక చెబుతున్నాను. నచ్చకపోతే వచ్చే వారం తిట్టండి, అదీ చదువుతాను.

జియో సినిమా, హాట్‌స్టార్ కలిసిపోయి ఒకే యాప్ అయ్యాయి. రెండు చందాల బదులు ఒకటే కడుతున్నాం. ఇది మనకు లాభమే కదా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

ఫోను తెర మీద ఒక బొమ్మ తగ్గిన మాట నిజమే. అంతకు మించి లాభం నాకు కనిపించడం లేదు.

2022 జూన్‌లో జరిగిన ఐపీఎల్ హక్కుల వేలాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్లకు టీవీ హక్కులను హాట్‌స్టార్ యజమాని స్టార్ సంస్థ రూ.23,575 కోట్లకు కొన్నది. మన దేశంలో డిజిటల్ హక్కులను, తరువాత జియో సినిమాలో ఆట చూపించిన వయాకామ్18 సంస్థ రూ.23,758 కోట్లకు దక్కించుకున్నది. ఇద్దరు వియ్యంకులు పట్టుదలకు పోతే పెళ్లి భోజనం బాగుంటుంది. 2023లో మనకు జరిగింది అదే. జియో సినిమా ఐపీఎల్ మొత్తాన్ని ఉచితంగా చూపించింది. ఊరుకుంటే ప్రేక్షకులు పోతారని హాట్‌స్టార్ అదే ఏడాది ఆసియా కప్‌నూ ప్రపంచ కప్‌నూ మొబైల్ ఫోన్లలో ఉచితంగా ఇచ్చింది. ఆ ఉదారతంతా పోటీ చలవ.

2024 నవంబరు 14న ఈ రెండు సంస్థల విలీనం పూర్తయింది. ఒప్పందం విలువ రూ.70,352 కోట్లు అన్నారు. మూడు నెలల తరువాత, సరిగ్గా ప్రేమికుల రోజున, జియో హాట్‌స్టార్ అనే కొత్త యాప్ వచ్చింది. ఆ ఏడాది ఐపీఎల్‌కు కొద్దిసేపు ఆట చూపించి, ఆపైన చందా అడిగే పద్ధతి మొదలైంది. చందా అడగడం తప్పని నేను అనను. ఆట ఊరికే రాదు. కానీ ‘అక్కడ ఎక్కువ అడుగుతున్నారు, ఇక్కడికి పోతాను’ అని బెదిరించేందుకు రెండో దుకాణం లేకుండా పోయింది. అసలు పరీక్ష 2027 సీజన్ తరువాత జరిగే వేలంలో ఉంటుంది. కిందటిసారి ఒకరి మీద ఒకరు పాడుకున్న ఇద్దరూ ఈసారి ఒకే కుర్చీలో కూర్చుంటారు.

తెలుగు ప్రేక్షకులకు విలీనాలు కొత్త కాదు. మా టీవీనే చూడండి. 2015లో స్టార్ చేతికి వచ్చింది. 2019లో స్టార్‌తోపాటు డిస్నీ ఇంటికి పోయింది. 2024లో ఆ విలీనంతో పుట్టిన జియోస్టార్ గూటికి చేరింది. చానల్ పేరులో ‘మా’ అనే అక్షరం మారలేదు కానీ, ఆ ‘మా’ అంటే ఎవరు అన్నది తొమ్మిదేళ్లలో మూడుసార్లు మారింది. అయినా సాయంత్రం సీరియల్‌లో అత్తగారి కంటిచూపు ఏ యజమాని వచ్చినా అలాగే ఉంది. అంటే విలీనం ప్రభావం కార్యక్రమాల మీద అంత త్వరగా కనిపించదు. బిల్లు మీద, యాడ్‌ల మీద ముందు కనిపిస్తుంది. సోనీ, జీ సంస్థల విలీనం 2024 జనవరిలో చెడిపోయినప్పుడు చాలామంది అయ్యో అన్నారు. నేను అనలేదు.

కొనుక్కున్నవాళ్లు కొన్నదాన్ని బతికిస్తారన్న హామీ కూడా లేదు. స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అమెరికాలో ఉన్న కొడుకు ముఖం మొదటిసారి స్కైప్‌లో చూసి కళ్లు తుడుచుకున్న తల్లులు మన ఊళ్లలో ఎందరో. 2025 మే 5న దాన్ని మూసేశారు.

మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. చందా కట్టేటప్పుడు ఆటోపే ఒప్పుకొని ఉంటారు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి దాన్ని రద్దు చేయండి. గడువు తీరాక కావాలనిపిస్తే మళ్లీ కట్టవచ్చు. అడగకుండానే డబ్బు వస్తున్నంత కాలం ఏ కంపెనీ అయినా మన సంగతి ఎందుకు పట్టించుకుంటుంది?

పండక్కి 55 అంగుళాల 4కె టీవీ కొన్నాం. షోరూములో అద్భుతంగా ఉంది. ఇంట్లో కేబుల్ చానళ్లు మరకలు మరకలుగా వస్తున్నాయి. సినిమాలేమో సీరియల్‌లాగా, ఏదో నున్నగా కనిపిస్తున్నాయి. మోసపోయామా? (నల్గొండ నుంచి ఒక గృహిణి)

మోసపోలేదమ్మా. పిండి కొద్దీ రొట్టె. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు ఉంటాయి, అంటే మొత్తం దాదాపు 83 లక్షలు. మామూలు ఎస్‌డీ చానల్ పంపేది 720 అడ్డం, 576 నిలువు, అంటే సుమారు నాలుగు లక్షల చుక్కలు. మీ టీవీ ప్రతి ఇరవై చుక్కల్లో పందొమ్మిదింటిని తనే ఊహించి నింపుకుంటోంది. పాత 24 అంగుళాల టీవీలో ఈ లోటు దాగిపోయేది. 55 అంగుళాల మీద దాగదు. షోరూములో మీకు చూపించింది చానల్ కాదు, టీవీని అమ్మడం కోసమే తీసిన 4కె వీడియో. అందులో ఎప్పుడూ చిలకలు, పళ్లరసాలు, జలపాతాలే ఉంటాయి. తొమ్మిది గంటల వార్తలు ఎందుకు వేయరో ఆలోచించండి.

ముందు సెట్‌టాప్ బాక్సు వెనక్కి తొంగి చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు మూతులున్న మూడు తీగలు టీవీకి తగిలించి ఉంటే అక్కడే సగం నష్టం జరిగిపోయింది. బిగించడానికి వచ్చిన కుర్రవాళ్లు పాత తీగలనే తగిలించి వెళ్లిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. హెచ్‌డీఎంఐ తీగ వేయించండి. బాక్సు కూడా హెచ్‌డీదే కావాలి. మీరు ఎక్కువగా చూసే నాలుగైదు చానళ్లకు మాత్రం హెచ్‌డీ తీసుకుంటే చాలు, మిగతావాటికి దండగ.

ఇక ఆ నునుపు సంగతి. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. టీవీ తెర సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతుంది. మధ్య ఖాళీలో లేని బొమ్మలను టీవీ తనే తయారు చేసి ఇరికిస్తుంది. క్రికెట్‌లో బంతిని చూడటానికి అది బాగానే పనికొస్తుంది. సినిమాకు మాత్రం శత్రువు. కోట్లు పెట్టి తీసిన సన్నివేశం కూడా స్టూడియోలో వీడియో కెమెరాతో తీసినట్టు కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ పనిగట్టుకుని ఒక వీడియో చేసి, దీన్ని ఆపేయమని ప్రేక్షకులను బతిమాలాడు. సెట్టింగుల్లో దీని పేరు కంపెనీని బట్టి మారుతుంది: ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే సినిమాలకు అది పెట్టుకోండి. మొదటి రోజు రంగులు వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. వారం ఆగండి, రంగులను ఎగదోసే పాత వివిడ్ మోడ్ చూస్తే కళ్లు మండుతాయి.

మీరు అడగకపోయినా ఒక మాట. సెట్టింగుల్లో గోప్యత విభాగానికి వెళ్లి, మీరు చూసేదాన్ని గుర్తించే సదుపాయం ఏదైనా ఉంటే దాన్నీ ఆపండి. స్మార్ట్ టీవీ తెర మీద ఏ బొమ్మ ఉందో గుర్తుపట్టి ఆ సమాచారాన్ని యాడ్‌ల కోసం పంపగలదు. అమెరికాలో విజియో అనే టీవీల కంపెనీ చెప్పకుండా ఈ పని చేసి, 2017లో ప్రభుత్వంతో రాజీకి 22 లక్షల డాలర్లు కట్టింది. అదే విజియోను 2024 డిసెంబరులో వాల్‌మార్ట్ 230 కోట్ల డాలర్లకు కొన్నది. అంత పెద్ద కిరాణా దుకాణానికి టీవీల తయారీ మీద మోజు పుట్టిందని నేను నమ్మను. ఆ టీవీల ముందు కూర్చునే జనానికి యాడ్‌లు చూపించే వీలు దానికి కావాలి.

మా నాయనమ్మ రోజూ పొద్దున యూట్యూబ్‌లో విష్ణు సహస్రనామం పెట్టించుకుంటారు. మధ్యలో అప్పుల యాప్ యాడ్ వచ్చి పడుతుంది. యాడ్‌లను ఆపే సాఫ్ట్‌వేర్ వాడవచ్చా? అది తప్పా? (విజయనగరం నుంచి ఒక విద్యార్థి)

నాయనమ్మగారి కోపం న్యాయమైనదే. ఎనిమిది నిమిషాలు లేదా అంతకు మించిన వీడియోల మధ్యలో యాడ్‌లు పెట్టుకునే వీలు యూట్యూబ్ ఇస్తుంది. సహస్రనామం అరగంట ఉంటుంది. ఎక్కడ విరుపు వేయాలో యంత్రానికి వదిలేస్తే అది శ్లోకం సగంలో వేస్తుంది, దానికి భక్తి ఏం తెలుసు? చానల్ యజమాని తలచుకుంటే మధ్య యాడ్‌లు తీసేయవచ్చు. దేవుడి పాటల చానళ్లు ఆ మాత్రం మర్యాద పాటించాలని నా అభిప్రాయం.

యాడ్‌లను ఆపే సాఫ్ట్‌వేర్ విషయంలో నా మనసు రెండుగా ఉంది. సాధారణ వీడియోల మీద యాడ్‌ల ఆదాయంలో 55 శాతం వీడియో చేసినవారికి వెళ్తుంది. పల్లెలో కూర్చుని వంటలు చూపించే ముసలమ్మకు, లెక్కలు చెప్పే మాస్టారికి ఆ డబ్బే ఆధారం. మరోవైపు, 2006లో 165 కోట్ల డాలర్లకు గూగుల్ కొన్న యూట్యూబ్, 2024లో ఒక్క యాడ్‌ల మీదే 3,600 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. దాని కోసం కన్నీళ్లు పెట్టుకోవలసిన అవసరం లేదు. 2023 నుంచి అది ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవారి వీడియోలను ఆపేస్తోంది కూడా. పైగా ఊరూ పేరూ లేని యాడ్‌బ్లాకర్ మీ బ్రౌజర్‌లోని ప్రతి పేజీనీ చదవగలదు. దోమ కోసం తలుపు తీసి దొంగను పిలిచినట్టు అవుతుంది.

నాయనమ్మకు చాలా చవకైన దారి ఉంది. ఆవిడకు కావలసింది వీడియో కాదు, పారాయణం. పెన్‌డ్రైవ్‌లో ఆడియో వేయించి, దాన్ని పెట్టుకోగల చిన్న స్పీకరు ఒకటి కొనివ్వండి. నెట్ కూడా అక్కర్లేదు. ఆ అప్పుల యాప్ యాడ్ కనిపించినప్పుడల్లా మాత్రం దాని మీది మూడు చుక్కలు నొక్కి ఫిర్యాదు చేయండి. ప్రముఖుల ముఖాలు అతికించి పెట్టుబడులు పెట్టమనే నకిలీ యాడ్‌లకూ అదే మందు.

కారులో ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్ కారు కంప్యూటర్‌ను పరీక్షించే చోటు) ఒక చిన్న డబ్బా తగిలిస్తే 30 శాతం పెట్రోలు ఆదా అవుతుందట. వీడియో యాడ్‌లో చూశాను. ఆరేళ్ల కారు, నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లివస్తాను. కొనమంటారా? (ఖమ్మం నుంచి ఒక వ్యాపారి)

వద్దు. నేను కొన్నాను కనుక చెబుతున్నాను. కిందటి ఏడాది ఇలాంటి ఆకుపచ్చ డబ్బా ఒకటి తెప్పించాను. అమ్మిన కంపెనీ పేరు అనవసరం, ఇప్పటికి అది మరో పేరు పెట్టుకునే ఉంటుంది. స్టీరింగు కింద సాకెట్‌లో గుచ్చగానే దీపం మెరిసింది. కారు కంప్యూటర్ మీ అలవాట్లు నేర్చుకోవడానికి 150 కిలోమీటర్లు పడుతుందని కాగితంలో రాశారు. ఆ 150 కిలోమీటర్లూ మనం జాగ్రత్తగా నడుపుతాం, మైలేజీ కాస్త పెరుగుతుంది, డబ్బాకు పేరొస్తుంది. ఎంత తెలివి! ఇంటికొచ్చి విప్పి చూశాను. సాకెట్‌లో కరెంటు వచ్చే కాళ్లకు మాత్రమే తీగలున్నాయి. కారు కంప్యూటర్‌తో మాట్లాడే కాళ్లకు దానితో సంబంధమే లేదు. కొత్తింట్లో కరెంటు మీటరుకు సీరియల్ బల్బు తగిలించినట్టు.

పెట్రోలు గొట్టానికి బిగించే అయస్కాంతాలూ ఈ కుటుంబమే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచింది ఒక్కటీ దానికి దొరకలేదు. 1996లో తమిళనాడులో ఒకాయన మూలికలతో పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. ఈ ఆశ మనకు పాతదే.

మీ ప్రయాణంలో డబ్బు వేరే చోట పోతోంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం దాని వర్గంతో పెరుగుతుంది. 80లో కాకుండా 110లో వెళ్తే ఆ బలం దాదాపు రెట్టింపు. హైదరాబాద్ దారిలో ఇరవై, ముప్పై నిమిషాలు ముందు బయల్దేరితే ఆ డబ్బా చేస్తానన్న పనిలో మంచి భాగం అదే జరుగుతుంది. టైర్లలో గాలిని నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించండి. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. చిన్న సంఖ్యే కానీ, పది పీఎస్ఐ తక్కువతో తిరిగే కార్లు మన రోడ్ల మీద తక్కువేమీ కాదు.

దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు ఉంటే మానండి. మా నాన్నగారి తరం నేర్పిన పాఠం అది, కార్బురేటరు రోజులకు సరిపోయింది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. పైగా ఘాట్ రోడ్డులో బ్రేకుల మీద భారమంతా పడుతుంది.

మైలేజీ కొంత తగ్గిందని కూడా రాశారు. అందులో కొంత మీ తప్పు కాదు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుపుతున్నారు. దానిలో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపినప్పుడు లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. దాన్ని ఏ డబ్బా తిరిగి తేలేదు. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం మీ ఇంజిన్ పెట్రోలుదని చెప్పి ఉంచండి. తక్కువ ఇంధనం పట్టే దారికి ఆకు గుర్తు వేసి చూపిస్తుంది, అది ఉచితం.

నేను కొన్న డబ్బా ఇంకా నా బల్ల మీదే ఉంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలిస్తే దీపం చక్కగా మెరుస్తుంది.