గ్రాండ్ కాన్యన్ పక్కన కైబాబ్ అడవిలో చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో టెంటు వేసుకుని ఉండవచ్చా?

మే నెలాఖరులో డాలస్ నుంచి విమానంలో ఫీనిక్స్‌కు వచ్చి, అక్కడి నుంచి అద్దె కారులో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు వెళ్లాలనుకుంటున్నామనీ, గదుల అద్దెలు చూసి వెనుకాడుతున్నామనీ, పార్కును ఆనుకుని ఉన్న నేషనల్ ఫారెస్టులో పైసా కట్టకుండా టెంటు వేసుకోవచ్చని ఎవరో చెప్పారనీ మీరు రాశారు. అది చట్టప్రకారం సరైనదేనా, ఆరేళ్ల పాపతోనూ ఇండియా నుంచి వచ్చిన అత్తమామలతోనూ అలా ఉండటం క్షేమమేనా అన్నవి మీ ప్రశ్నలు. చట్టప్రకారం సరైనదే. ఇక క్షేమం సంగతికి వస్తే, పాపను నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు గాని, మీ అత్తగారినీ మామగారినీ మాత్రం ఏ వసతీ లేని అడవిలో పడుకోబెట్టవద్దన్నది నా అభిప్రాయం. మేము చాలా ఏళ్లుగా ఫీనిక్స్ ప్రాంతంలో ఉంటున్నాము. ఇక్కడ ఎండలు ముదిరాక వారాంతాల్లో చల్లదనం కోసం ఉత్తరాన ఉన్న ఈ అడవులకే వెళ్తుంటాము కనుక, ఆ అనుభవంతో వివరంగా రాస్తున్నాను.

నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు అన్నవి రెండు వేర్వేరు శాఖల కింద ఉన్న వేర్వేరు భూములు. పార్కులను ఇంటీరియర్ శాఖ చూసుకుంటుంది. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీసు చేతిలో ఉంటాయి. కలప కొట్టడం, పశువులను మేపుకోవడం, వేట, విహారం అన్నీ అక్కడ నియమాలకు లోబడి సాగుతాయి. గ్రాండ్ కాన్యన్ కూడా 1893లో మొదట అటవీ రిజర్వుగానే ప్రకటితమై, 1908లో జాతీయ స్మారకంగా మారి, 1919లో పార్కు అయింది. అందుకే పార్కు సరిహద్దుకు దక్షిణాన, టుసాయన్ అనే చిన్న ఊరి చుట్టూ ఉన్న కైబాబ్ నేషనల్ ఫారెస్టులోనూ అవే పాండెరోసా పైన్ చెట్లు, అదే నేల కనిపిస్తాయి గాని, నిబంధనలు పూర్తిగా మారిపోతాయి. పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్, హోటలు కాని చోట అనుమతి లేకుండా రాత్రి గడపకూడదు. వ్యూపాయింట్ దగ్గర పార్కింగులో కారులో పడుకున్నా లేపి పంపించేస్తారు. సరిహద్దు దాటి ఫారెస్టులోకి వస్తే, వద్దని బోర్డు పెట్టిన చోట్లు మినహా, మీకు నచ్చిన చోట 14 రోజుల దాకా ఉండవచ్చు. రుసుము ఉండదు, రిజర్వేషన్ ఉండదు, స్థలాలకు నంబర్లూ ఉండవు. దీనినే ఇక్కడివారు డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. నల్లమలలోనో శేషాచలంలోనో అనుమతి లేకుండా అడవిలో రాత్రి గడిపితే కేసు పెడతారని తెలిసిన మన పెద్దలకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు, చేతిలో కాగితం ఏదీ లేకుండా ఇక్కడ ఎలా పడుకుంటామని పదే పదే అడిగారు.

డబ్బు కట్టనవసరం లేదంటే, అక్కడ ప్రభుత్వం మీకోసం ఏర్పాటు చేసినదేమీ లేదని అర్థం. కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, చెత్తబుట్ట లేదు, దీపం లేదు. వీటన్నిటి కంటే ముందు రోడ్డు గురించి ఆలోచించాలి. టుసాయన్ దగ్గర హైవే 64 నుంచి చీలిపోయే 302, 328 నంబర్ల ఫారెస్టు రోడ్లు మట్టివి, కంకరవి. పొడిగా ఉన్నప్పుడు మామూలు కారు కూడా కొంతదూరం వెళ్తుంది. వాన పడితే ఆ బంకమట్టి చక్రాలకు పట్టుకుని కదలనివ్వదు. మే నెలలో వాన భయం తక్కువే గాని, మీది అద్దె కారు కావడం అసలు చిక్కు. చాలా అద్దె ఒప్పందాల్లో తారు రోడ్డు దిగకూడదని రాసి ఉంటుంది. దిగాక ఏదైనా జరిగితే మీరు కొనుక్కున్న బీమా కూడా చెల్లకపోవచ్చు. కాబట్టి కారు తీసుకునే ముందే ఆ పత్రం చదివి, అనుమానముంటే కౌంటరులో అడిగి తేల్చుకోండి. ఏ రోడ్డు మీద వాహనం నడపవచ్చో, ఏ రోడ్ల పక్కన కొంత లోపలికి వెళ్లి టెంటు వేసుకోవచ్చో చూపే మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్‌ను ఫారెస్ట్ సర్వీసు ఉచితంగా ఇస్తుంది. చూడటానికి అందంగా ఉండదు, నలుపు తెలుపుల్లో గీతలే ఉంటాయి. కాని చట్టప్రకారం చెల్లుబాటయ్యే పటం అదే, ఫోనులో గూగుల్ చూపించే దారి కాదు. అవెంజా అనే యాప్‌లోకి ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పటం మీద మీరున్న చోటు కనిపిస్తుంది.

నీటి విషయంలో ఒక్క మాట చాలు: దగ్గరలో వాగు గాని చెరువు గాని ఉంటుందనుకోవద్దు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు 4 లీటర్ల చొప్పున, కారులోనే తీసుకెళ్లాలి. పార్కులో సీసాలు నింపుకునే కుళాయిలున్నాయి గాని, ఆ నీరంతా కాన్యన్ లోపలి ఊటల నుంచి పాతబడిన గొట్టం ద్వారా పైకి వస్తుంది. 2024 ఆగస్టులో ఆ గొట్టం వరుసగా పగిలినప్పుడు దక్షిణపు అంచున హోటళ్లలో రాత్రి బసనే కొన్నాళ్లు ఆపేశారు. అందుకే డబ్బాలను దారిలో వచ్చే ఊళ్లయిన ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో విలియమ్స్‌లోనో నింపుకుని రావడం మేలు. పశువుల కోసం కట్టిన నీటి తొట్టి కనిపిస్తే దాని పక్కన టెంటు వేయకండి. జంతువులు నీళ్లకు రాకుండా అడ్డుపడేలా పావు మైలు లోపల మకాం వేయడం అరిజోనా చట్టం ప్రకారం నేరం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసినది నిప్పు సంగతి. ఉత్తర అరిజోనాలో మే, జూన్ నెలలు ఏడాదిలోకెల్లా పొడి కాలం. చలికాలపు మంచు కరిగిపోయి ఉంటుంది, జులైలో రావలసిన వానలు ఇంకా రావు, మధ్యాహ్నం గాలి గట్టిగా వీస్తుంది, నేల మీద ఎండిన పైన్ ఆకులు, అంటే సూదులు, మందంగా పరుచుకుని ఉంటాయి. అందుకే చాలా ఏళ్లలో మీరు వచ్చే సమయానికి ఫారెస్ట్ సర్వీసు ఆంక్షలు పెట్టేస్తుంది. సాధారణంగా మొదటి దశలో విడి అడవిలో, అంటే క్యాంప్‌గ్రౌండ్ కాని చోట, కట్టెల మంటకూ బొగ్గుల పొయ్యికీ అనుమతి ఉండదు. క్యాంప్‌గ్రౌండులో ప్రభుత్వం అమర్చిన ఇనుప వలయంలో మాత్రం వెలిగించుకోవచ్చు. రెండవ దశ వస్తే అదీ పోతుంది. మీట తిప్పితే ఆరిపోయే గ్యాస్ పొయ్యికి రెండు దశల్లోనూ సాధారణంగా అభ్యంతరం ఉండదు గాని, చుట్టూ సూదులను ఊడ్చి, నేల శుభ్రంగా ఉన్న చోటే పెట్టుకోవాలి. ఆంక్ష మీరితే 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. 2025 జులైలో ఉత్తరపు అంచున పిడుగుతో మొదలైన డ్రాగన్ బ్రావో కార్చిచ్చు 1937 నాటి గ్రాండ్ కాన్యన్ లాడ్జిని పూర్తిగా దహించింది. మన మిత్రబృందాలలో కొందరు ఏ దశ నడుస్తున్నదో చూడకుండానే బొగ్గుల బస్తా, మసాలా పట్టించిన చికెను కారులో వేసుకుని బయలుదేరుతారు. నాకు ఇది ఏమాత్రం నచ్చదు. పైగా కాల్చడం అయిపోయాక నిప్పుల మీద మట్టి కప్పి, ఆర్పేశామనుకుంటారు. మట్టి కింద నిప్పు మరునాటి దాకా బతికే ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేయి పెట్టి చూస్తే చల్లగా తగిలే వరకు అది ఆరినట్టు కాదు.

వంట విషయంలో నా సలహా ఏమిటంటే, మొదటి రాత్రికి ఫీనిక్స్ నుంచే పులిహోర, చపాతీలు, పెరుగన్నం కట్టుకుని వెళ్లి, పొయ్యిని టీకీ పాలకీ మాత్రమే వాడండి. దక్షిణపు అంచు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి కనుక పప్పూ బియ్యమూ మూత పెట్టిన గిన్నెలో ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. వండి తీరాలనుకుంటే చిన్న ప్రెషర్ కుక్కరు తెచ్చుకోండి. గ్యాస్ డబ్బాలను విమానంలో అనుమతించరు, ఫీనిక్స్‌లో దిగాక కొనుక్కోవాలి.

పెద్దవాళ్ల గురించి నేను వద్దనడానికి ముఖ్యమైన కారణం మరుగుదొడ్డి. విడి అడవిలో దారికీ మకాముకీ నీటికీ 200 అడుగుల దూరం నడిచి, చేతిపారతో 6 నుంచి 8 అంగుళాల లోతు గొయ్యి తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. వాడిన కాగితాన్ని సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. నీళ్లు వాడే అలవాటున్నవాళ్లు ఆ నీళ్లను కూడా పైన చెప్పిన లెక్కకు కలుపుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి చీకట్లో టార్చిలైటు పట్టుకుని ఇదంతా చేయాలంటే కష్టం. బకెట్టు మీద సీటు, దాని చుట్టూ నిలువు టెంటు అమ్ముతారు. మేము కొని వాడాము, పిల్లలకు బాగానే పనికొచ్చింది, మా అమ్మగారు మాత్రం దాని ముఖం కూడా చూడలేదు. దీనికి తోడు ఎత్తు. రక్తపోటు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు 7,000 అడుగులకు రాబోయే ముందు వైద్యుడిని అడగడం మంచిది. టెంటులో నేల మీద నుంచి లేవడం వేరే అవస్థ.

చలి సంగతి చాలామంది తేలికగా తీసుకుంటారు. ఫీనిక్స్‌లో 40 డిగ్రీల సెల్సియస్ ఎండలో కారు ఎక్కుతారు కాబట్టి పలచటి దుప్పటి చాలనుకుంటారు. తెల్లవారుజామున అక్కడ సున్నాకు దగ్గరగా పడిపోయే రోజులు మే చివరలో కూడా ఉంటాయి. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు దాని మీద రాసిన ఉష్ణోగ్రత, హాయిగా నిద్ర పట్టే ఉష్ణోగ్రత ఒకటి కాదని గమనించండి. కింద పరుచుకునే ప్యాడు లేకుండా ఎంత మంచి బ్యాగైనా వృథా, ఒంటి వేడిని నేల లాగేస్తుంది. పాపకు ఉన్ని టోపీ, మేజోళ్లు, అదనంగా ఒక జత పొడి బట్టలు విడిగా పెట్టుకోండి.

జంతువుల భయం మీ ప్రశ్నలో ఎక్కువగా కనిపించింది గాని, ఇక్కడ దానికి అంత స్థానం లేదు. కాలిఫోర్నియా సియెరా పర్వతాల్లో ఎలుగుబంట్లు కారు తలుపులు పీకిన కథలు నిజమే. దక్షిణపు అంచున ఎలుగుబంటి అరుదు. ఎక్కువగా కనిపించేవి ఎల్క్‌లు, అంటే పెద్ద దుప్పులు. రాత్రిపూట హైవే 64 మీద అవి కారుకు అడ్డం రావడమే నిజమైన ప్రమాదం కనుక చీకటి పడ్డాక నెమ్మదిగా నడపండి. తినే వస్తువులన్నీ, పాప చేతిలోని బిస్కెట్ పొట్లంతో సహా, రాత్రికి కారులో పెట్టి తాళం వేయండి.

చోటు ఎంచుకోవడానికి చీకటి పడక ముందే చేరుకోవాలి. మే చివరలో అక్కడ సాయంత్రం ఏడున్నర దాటాక సూర్యాస్తమయం. కొత్త చోటు చదును చేయకుండా, ఇంతకుముందు ఎవరో టెంటు వేసి గట్టిపడిన నేల చూసుకోండి, పైకి చూసి విరిగి వేలాడే ఎండుకొమ్మలు లేవని నిర్ధారించుకోండి. మే చివరి సోమవారం మెమోరియల్ డే సెలవు కనుక ఆ వారాంతంలో రోడ్డుకు దగ్గరి చోట్లన్నీ శుక్రవారం మధ్యాహ్నానికే నిండిపోతాయి. వీలైతే ఆ వారం నడిమధ్యలో రండి.

మీకు నేను సూచించేది టెన్-ఎక్స్ క్యాంప్‌గ్రౌండ్. టుసాయన్‌కు కొద్ది మైళ్ల దక్షిణాన, అదే కైబాబ్ ఫారెస్టులో, హైవేకు పక్కనే ఉంది. బల్లలు, మంట వలయాలు, నీళ్లు అవసరం లేని గుంట మరుగుదొడ్లు ఉన్నాయి. స్నానాల గదులు లేవు. రుసుము హోటలు గది అద్దెలో చిన్న వంతు. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ రిజర్వేషన్ వెబ్‌సైటులో వెతకండి. పార్కు లోపలి మేథర్ క్యాంప్‌గ్రౌండ్ ఇంకా సౌకర్యంగా ఉంటుంది గాని, 6 నెలల ముందే రిజర్వేషన్లు తెరుస్తారు కాబట్టి మీకు మిగిలేవి ఎవరైనా రద్దు చేసుకున్నవే. రోజూ ఒకసారి చూస్తూ ఉంటే దొరకడం అసాధ్యమేమీ కాదు. రెండూ కుదరకపోతే మీ అత్తమామలకు టుసాయన్‌లో ఒక గది తీసుకుని, మీరూ పాపా అడవిలో ఉండండి. అప్పుడు గది ఒకటి చాలు కాబట్టి ఖర్చూ సగమవుతుంది, వాళ్ల గదిలో మీ అందరి స్నానాలూ అయిపోతాయి.

బయలుదేరే ముందు రోజు టుసాయన్ రేంజర్ కార్యాలయానికి ఫోను చేసి, నిప్పు ఆంక్షలు ఏ దశలో ఉన్నాయో, ఏ రోడ్లు మూసి ఉన్నాయో అడగండి. వెబ్‌సైటు కంటే వాళ్లు చెప్పేది తాజాగా ఉంటుంది. విడివిడిగా ఉంటున్నట్లయితే మీరు మకాం వేసే ఫారెస్టు రోడ్డు నంబరు కాగితం మీద రాసి మీ మామగారికి ఇవ్వండి, అడవిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు గనుక ఉదయం ఎన్ని గంటలకు ఎక్కడ కలుస్తారో ముందే అనుకోండి. అరిజోనాలో వేసవికి గడియారాలు మార్చరు, కాబట్టి మే నెలలో డాలస్ సమయం కంటే 2 గంటలు వెనక ఉంటుంది. మామగారి చేతి గడియారాన్ని ఫీనిక్స్‌లో దిగగానే సరిచేయండి. తూర్పు వైపు నవాహో తెగవారి స్వపరిపాలిత ప్రాంతమైన నవాహో నేషన్‌లో మాత్రం వేసవి సమయం పాటిస్తారు, ఆ దిక్కుగా వెళ్లినప్పుడు ఫోను ఒక గంట ముందుకు జరిగితే కంగారు పడకండి.