టైమరుకన్నా ముందు ట్యాంకు చూడు, అల్లుడా

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

లాన్ గడ్డికి నీళ్ళు పెట్టే స్ప్రింక్లర్ కోసం నిన్న ఫోన్‌లో నువ్వు చదివిన టైమర్ల లిస్టు మొత్తం విన్నాను. యాప్ ఉందా, బ్లూటూత్ ఉందా, స్క్రీన్ పెద్దదా అని అడిగావు. మీ తోట నల్లా తిప్పితే నీళ్ళు ఎంత జోరుగా వస్తాయో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఏళ్ళు మోటారు వైండింగ్ షాపు నడిపినవాణ్ణి కదా, నాకు ముందు అదే తడుతుంది.

మా తాత ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు పారించాలి అంతా ఆయన చేతిలోనే ఉండేది. నువ్వు కొనబోయే డబ్బా చేసేది అందులో సగం పనే. చెప్పిన టైముకు తూము తీస్తుంది, మళ్ళీ వేస్తుంది. చెరువులో నీళ్ళున్నాయా, మడి తడిసిందా అని తాత గట్టు మీద నడిచి చూసేవాడు. ఆ నడక నీకు తప్పదు.

ఇప్పుడు ప్రెషర్ సంగతి. దుకాణాల్లో కనిపించే టైమర్లు చాలావరకు వీధి లైన్లోనే గట్టి ప్రెషర్ ఉండే దేశాల కోసం తయారైనవి. మనకు నీళ్ళు స్లాబు మీది ట్యాంకు నుంచి దిగుతాయి. నీళ్ళు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. మీ ట్యాంకు నుంచి తోట నల్లాకు మహా అయితే 25 అడుగులు. అంటే ముప్పావు బార్, అందులో పైపుల వంపులు కొంత మింగేస్తాయి. టైమరు లోపల వాల్వు రెండు రకాలుగా ఉంటుంది. సోలినాయిడ్ రకంలో ఒక రబ్బరు పొరను నీళ్ళ ప్రెషరే నొక్కి మూస్తుంది. ప్రెషర్ చాలకపోతే సరిగ్గా మూసుకోదు, రాత్రంతా బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. రెండోది బాల్ వాల్వు. అందులో చిన్న మోటారు రంధ్రం ఉన్న గుండును తిప్పుతుంది కాబట్టి ట్యాంకు నీళ్ళతో కూడా పనిచేస్తుంది. డబ్బా మీద కనీసం ఎంత ప్రెషర్ కావాలో రాసి ఉంటుంది, అది సున్నా అని ఉన్నదే తీసుకో. మిగతా హంగులన్నీ తర్వాత.

టైమరు కుదిరినంత మాత్రాన స్ప్రింక్లర్ తిరుగుతుందని అనుకోకు. టకటకా కొట్టుకుంటూ తిరిగే పెద్ద స్ప్రింక్లర్‌కు 2 బార్ దాకా కావాలి. మీ నల్లాకు తగిలిస్తే అది ముసలి ఎద్దులా మెడ వాల్చి నిలబడుతుంది. తక్కువ ప్రెషర్‌కు తిరిగే చిన్నవి రెండు మూడు పెట్టుకో, లేదంటే ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు వేయించుకో. పంపు వేయిస్తే మాత్రం ప్రెషర్ స్విచ్ ఉన్నదే వేయించు. టైమరు వాల్వు తెరవగానే లైన్లో ప్రెషర్ పడిపోయి పంపు దానంతటదే ఆన్ అవుతుంది, మూయగానే ఆగుతుంది. చేత్తో స్విచ్ వేసే పంపయితే వాల్వు మూసుకున్నాక కూడా తిరుగుతూ ఉంటుంది, నీళ్ళు కదలక వేడెక్కి సీలు పోతుంది. అలా పాడైన పంపులు నా షాపుకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

ఎంతసేపు పెట్టాలి అనేది కొలిచి తేల్చుకో. అత్త దగ్గర రెండు టిఫిన్ క్యారియర్లు అడుగు. ఆ గిన్నెలైతే అంచులు నిటారుగా ఉంటాయి. లాన్‌లో ఒకటి స్ప్రింక్లర్ పక్కన, ఒకటి మూలన, మిగతావి మధ్యలో పెట్టి పావుగంట నడిపించు. తర్వాత పిల్లల స్కేలు ముంచి చూడు. సగటున 3 మిల్లీమీటర్లు నిండాయనుకో, ఒక తడికి 10 మిల్లీమీటర్లు పెట్టాలంటే 50 నిమిషాలు పడుతుంది. మూలన ఉన్న గిన్నె ఎండిపోయి, పక్కనున్నది నిండితే తప్పు టైమరుది కాదు, స్ప్రింక్లర్‌ను జరపాలి.

లీటర్ల లెక్క కూడా చెబుతా. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు నిలిస్తే 1 లీటరు. మీ లాన్ 60 గజాలు, అంటే సుమారు 50 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల తడికి 500 లీటర్లు కావాలి. మీది వెయ్యి లీటర్ల ట్యాంకు. తెల్లవారుజామున సగం ట్యాంకు గడ్డికి పోతే ఏడు గంటలకు పిల్లల స్నానాల దగ్గర ఇంట్లో ఏం మాటలు వినబడతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ముందురోజు రాత్రే ట్యాంకు నింపి పెట్టుకో. మన వరంగల్ తాగేది ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నీళ్ళు. ఎండాకాలం ఆ నల్లా నీళ్ళు గడ్డికి పెట్టడం నాకు మనసొప్పదు, బోరు నీళ్ళే వాడు.

మీ ఇంటి ముందు బిల్డర్ మొరం పోసి, పైన నాలుగు వేళ్ళ మందం ఎర్రమట్టి పరిచాడు. ఇలాంటి ఎర్ర చెలక మట్టిలో నీళ్ళు తొందరగా ఇంకుతాయి, అదొక సుఖం. రేగడి అయితే పైన నిలిచి రోడ్డు మీదికి పారుతాయి. అలాంటి చోట ఒకేసారి 50 నిమిషాలు పెట్టకుండా, 25 పెట్టి అరగంట ఆపి మళ్ళీ 25 పెట్టాలి. నువ్వు ఎండాకాలంలో రోజు విడిచి రోజు పెట్టు, చలికాలంలో మూడు నాలుగు రోజులకోసారి చాలు. రోజూ కాస్త కాస్త తడిపితే వేరు పైనే ఉండిపోయి, ఒక్కపూట నీళ్ళు తప్పినా గడ్డి పసుపెక్కుతుంది. తడిపిన మర్నాడు స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు, నాలుగు అంగుళాలు సులువుగా దిగితే సరిపోయినట్టే.

టైము పొద్దున 5 గంటలు. మిట్టమధ్యాహ్నం చాలా నీళ్ళు గాలిలోనే పోతాయి, సాయంత్రం పెడితే గడ్డి రాత్రంతా తడిగా ఉండి బూజు పడుతుంది. గడియారాన్ని 24 గంటల లెక్కలో పెట్టుకో. ఏఎం, పీఎం తేడా చూసుకోక, మన కాలనీలో ఒకాయన వారం రోజులు సాయంత్రం ఐదుకు వాకింగ్‌కు పోయేవాళ్ళందరినీ తడిపాడు.

ఇక నా బుద్ధితక్కువ పని ఒకటి. ఓసారి అందరం మేడారం జాతరకు పోయాం. టైమరులో చవక సెల్లులు వేసి ఉన్నాయి. వాల్వు తెరుచుకున్నాక సెల్లు చచ్చిపోయింది, ఇక మూసేవాడు లేడు. ట్యాంకు తగ్గినప్పుడల్లా ఆటోమేటిక్ స్టార్టరు పాపం బోరు వేస్తూనే ఉంది. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర బురద, పక్కింటివాళ్ళ ముఖం మాడి ఉంది, కరెంటు బిల్లు సంగతి మీ అత్త ఇప్పటికీ తీస్తుంది. అందుకే ఆల్కలైన్ సెల్లులే వెయ్యి, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి మార్చు. సెల్లు తగ్గితే ముందే వాల్వు మూసుకునే రకాలూ ఉన్నాయి, దొరికితే అదే తీసుకో. నాలుగు రోజులు ఊరు దాటితే నల్లానే కట్టెయ్, గడ్డి చచ్చిపోదు.

బిగించేటప్పుడు మన నల్లా మూతి ఎక్కువగా హాఫ్ ఇంచు, టైమరుది త్రీఫోర్త్ ఉంటుంది. ఆ రెండు సైజులనూ కలిపే రెడ్యూసర్, టెఫ్లాన్ టేపు ముందే తెచ్చుకో. ప్లాస్టిక్ మరను పానాతో బిగించకు, చేత్తో చాలు. లోపలి జాలి నెలకోసారి తీసి కడుగు. మన బోరు నీళ్ళకు తెల్లగా గార కడుతుంది, నిమ్మరసంలో కాసేపు నానబెడితే వదులుతుంది. ఎండ నేరుగా పడితే స్క్రీన్ నల్లబడి అంకెలు కనబడవు కాబట్టి నీడ చూడు. కోతుల సంగతి మర్చిపోకు. మా మొదటి టైమరును ఒక కోతి పీకి గోడ మీద కూర్చుని మూత తిప్పుతుంటే మేము కింద నిలబడి చూశాం. తాళం వేసే ఇనుప జాలి డబ్బా చేయించు, వెల్డింగ్ షాపువాడు ఒక్క పూటలో చేసిస్తాడు.

యాప్ ఉన్నవి నాకు నచ్చవు. వైఫై తోట దాకా సరిగ్గా అందదు, డబ్బులు దండగ. మీ అమ్మ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి చేత్తో తిప్పే కీ టైమరు అయినా సరే. సెల్లు అక్కర్లేదు, తిప్పినంతసేపు పారి అదే ఆగుతుంది. మొదటి రెండు నెలలు దాంతో నడిపి లెక్క కుదిరాక పెద్దది కొనుక్కో.

రోహిణి కార్తె ఎండలకు పెట్టిన లెక్కను మృగశిరలో వానలు పడగానే ఆపెయ్. టైమరు మీద నీళ్ళను కొంతకాలం ఆపే వాన బటన్ ఉంటే 48 గంటలకో 72 గంటలకో నొక్కు, ముసురు పట్టినప్పుడు మొత్తం ఆఫ్ చెయ్. వానలో స్ప్రింక్లర్ తిరుగుతుంటే చూసినవాళ్ళు నిన్ను కాదు, నన్ను అడుగుతారు.

ఆదివారం పొద్దున వస్తాను. అంతలోపు 20 లీటర్ల బకెట్ ఆ నల్లా కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసి పెట్టు.

మీ మామ