కరెంటు పోగానే అక్వేరియం సంప్ పొంగుతోంది, నాన్ రిటర్న్ వాల్వ్ బిగిస్తే చాలా?

మీ నాలుగడుగుల తొట్టెకు కరెంటు పోయినప్పుడల్లా కింద సంప్ (తొట్టె నీరు దిగే కింది తొట్టె) పొంగి గదంతా నీళ్లవుతోందని, రిటర్న్ పైపుకు (పంపు ఆ నీటిని మళ్లీ పైకి ఎక్కించే పైపు) నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వ్) బిగిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. మా ఇంట్లోనూ అంతే తొట్టె, కింద సంప్‌తో కొన్నేళ్లుగా నడుస్తోంది. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయినా నేల తడవదు. అందుకు కారణం వాల్వ్ కాదు, రిటర్న్ పైపు మూతి ఉన్న ఎత్తు.

పంపు ఆగగానే పైపులోని నీరు వెనక్కి జారుతుంది. మూతి మునిగి ఉన్నంతసేపూ ఆ పైపు సైఫన్‌లా తొట్టెను తోడేస్తూనే ఉంటుంది, మూతికి గాలి అందాకే ఆగుతుంది. మీ పైపు మూతి నీటిమట్టానికి నాలుగంగుళాల లోతున ఉందన్నారు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టెలో ఒక్క సెంటీమీటరు నీరంటే 5.4 లీటర్లు. నాలుగంగుళాలంటే సుమారు 55 లీటర్లు! అదంతా సంప్‌లోకే దిగాలి.

కాబట్టి ముందు మూతిని పైకి తెచ్చి, నీటిమట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే ఉంచండి. ప్రవాహం కోసం లోతుగానే ఉండాలంటే, నీటిమట్టానికి సెంటీమీటరు కింద పైపుకు 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. రంధ్రం తొట్టె లోపలి వైపుకే ఉండాలి, లేకపోతే పంపు నడిచేటప్పుడు నీరు బయటికి చిమ్ముతుంది. నేను రెండు వేశాను. పాచి పట్టి ఒకటి మూసుకుపోయినా రెండోది పనిచేస్తుంది. అద్దం తుడిచే రోజునే వాటినీ పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను.

వాల్వ్ సంగతి కూడా అంతే. చిన్న నత్త గానీ ఇసుక రేణువు గానీ చిక్కుకుంటే అది పూర్తిగా మూసుకోదు, పైగా ప్రవాహాన్ని కొంత తగ్గిస్తుంది. ఉంటే ఉండనివ్వండి, రెండో రక్షణగా మాత్రమే.

పైపు సరిచేసినా కొంత నీరు దిగక మానదు, ఓవర్‌ఫ్లో అంచుకు (తొట్టె నీరు సంప్‌లోకి పొర్లే చోటు) పైనున్న నీరు ఎలాగూ కిందికి వస్తుంది. అందుకే సంప్‌లో ఎంత నింపాలన్నది ఇలా తేల్చుకోండి. పంపు ఆపి, పైనుంచి దిగాల్సిన నీరంతా దిగనివ్వండి. తర్వాత సంప్‌ను అంచుకు నాలుగు సెంటీమీటర్ల కిందివరకు నింపి పంపు వేయండి. నీరు కుదురుకున్నాక సంప్‌లో పంపు ఉన్న గదిలో మట్టం ఎక్కడుందో అక్కడ మార్కర్‌తో గీత గీయండి. సంప్‌లో అడ్డుపలకలు ఉంటే, పంపు నడుస్తుండగా మట్టం మారేది ఆ ఒక్క గదిలోనే, గీత అక్కడే ఉండాలి. ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు ఆ గీత దాటకండి. పంపు ఆగి ఉండగా మట్టం చూసి నీళ్లు పోయకండి.

తర్వాత మీరు ఇంట్లో ఉండగానే ప్లగ్గు తీసి, నీరు ఎక్కడ ఆగుతుందో చివరిదాకా నిలబడి చూడండి. మళ్లీ ప్లగ్గు పెట్టి పంపు సరిగా ఎత్తుకుంటోందో లేదో కూడా చూడండి. పైపు ఎత్తు మార్చినప్పుడల్లా, పంపు మార్చినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఇంకొకటి, ఇది ఈరోజే చేయండి: సంప్ పక్కన నేల మీద ప్లగ్గుల బోర్డు ఉంటే తీసి గోడకు ఎత్తుగా బిగించండి. వైర్లు బోర్డుకు చేరేముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.