వెదర్ ఫైల్‌లో తెల్లారకముందే ఎండ

ప్రశ్న: గచ్చిబౌలిలో కట్టబోయే ఆఫీసుకు ఎనర్జీ సిమ్యులేషన్ (ఏసీ, వెలుతురుకు ఎంత కరెంటు పడుతుందో కంప్యూటర్‌లో అంచనా) చేస్తున్నానండీ. ఉపగ్రహ డేటాతో వెదర్ ఫైల్ (ఏడాది పొడవునా గంటగంటకు వాతావరణ వివరాలుండే ఫైల్) తయారుచేస్తే మార్చిలో సూర్యోదయానికి ముందే ఎండ చూపిస్తోంది. కొన్ని ఉదయాలు డైరెక్ట్ నార్మల్ రేడియేషన్ (సూర్యుడికి ఎదురుగా పెట్టిన తలం మీద పడే నేరు ఎండ) చదరపు మీటరుకు 1,800 వాట్లు దాటుతోంది. వాట్సాప్ గ్రూపులో ఒకరు ‘సరిచేసిన హైదరాబాద్ ఫైల్’ అంటూ జిప్ పంపారు. వాడొచ్చా?
– ఓ ఆర్కిటెక్ట్, మాదాపూర్

జవాబు: ఆ జిప్ ముట్టుకోకండి. సిమ్యులేషన్‌కు వాడే ఈపీడబ్ల్యూ వెదర్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవాలి, ఏడాదికి 8,760 గంటల వరసలు కనబడాలి. ‘ఇన్‌స్టాల్ చేయండి’, ‘మ్యాక్రోలు ఆన్ చేయండి’ అని అడిగిందంటే అది వాతావరణ డేటా కాదు. పేరు చివర ‘.ఈపీడబ్ల్యూ.ఈఎక్స్‌ఈ’ అని ఉన్నా (ఈఎక్స్‌ఈ అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్), కంప్యూటర్ ఆ ఆఖరి ముక్క దాచేసి మీకు ‘.ఈపీడబ్ల్యూ’ మాత్రమే చూపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లు (ఫైల్ పేరు చివరి ఈ ముక్కలు) దాచడాన్ని ఇన్నేళ్లుగా డిఫాల్ట్‌గా ఉంచడం క్షమించరాని డిజైన్. సెట్టింగ్స్‌లో ఇవాళే మార్చుకోండి. క్లయింట్ డ్రాయింగులు, టెండర్ కాగితాలు ఉండేది కూడా ఆ మెషీన్‌లోనే కదా. ఇప్పటికే దాన్ని నడిపి ఉంటే నెట్ తీసేసి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్చండి.

ఇక ఎండ సంగతి. వాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా పెట్టిన చదరపు మీటరు మీదే సగటున 1,361 వాట్లు పడతాయి. నేల మీద 1,800 అసాధ్యం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి, దాదాపు అన్నిటా తప్పు ఒకటే: అరగంట. డేటా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. పట్టికను ఐదు గడులు జరిపి వదిలేస్తే ఏడు గంటల ఎండ ఆరున్నర ఖాతాలో పడుతుంది. అప్పటికి సూర్యుడు ఇంకా కిందే ఉంటాడు. నేరు ఎండను ఆ చిన్న ఎత్తు కోణం సైన్‌తో భాగిస్తే డైరెక్ట్ విలువ కొండెక్కుతుంది. టైమ్ జోన్‌కు పూర్ణాంకాలే ఒప్పుకునే, డేటాను వెదర్ ఫైల్‌గా మార్చే కన్వర్టర్లు రాసినవాళ్లకు భారతదేశం గుర్తులేదా?

అరగంటకోసారి నమోదైన డేటా దొరికితే అదే వాడండి. లేదంటే గ్లోబల్ హారిజాంటల్ విలువను (నేలకు సమాంతరంగా ఉన్న తలం మీద పడే మొత్తం ఎండను) వాతావరణం పైన అదే గంటకు లెక్కగట్టిన విలువతో భాగించి, వచ్చిన నిష్పత్తిని అరగంట జరిపి, మళ్లీ గుణించండి. ఆ తర్వాతే 1982 నాటి ఎర్బ్స్ సూత్రంతో డైరెక్ట్ (నేరు ఎండ), డిఫ్యూజ్ (ఆకాశం నుంచి చెల్లాచెదురుగా వచ్చేది) విడగొట్టండి. ఫైల్ మొదటి వరసలో టైమ్ జోన్ 5.5 ఉండాలి.

సరిపోయిందో లేదో మబ్బులేని రోజు గ్రాఫ్ చెబుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గరుంది. అందుకే ఇక్కడ ఎండ శిఖరం సగటున 12:16కి వస్తుంది, ఫిబ్రవరిలో 12:30 దాకా జరుగుతుంది. మీ గ్రాఫ్‌లో అది పదకొండు ముప్పావుకే వస్తోందంటే పడమటి గోడకు సాయంత్రం ఎండ తగ్గించి లెక్కగట్టినట్టే. ఏసీ టన్నేజీ ఖరారు కాకముందే ఆ గోడను మళ్లీ రన్ చేయండి.