పెండ్లి వీడియోకు 'చీల్చుడు' ఏంది? (సందేహాలు – సమాధానాలు)

సందేహం: సార్, మా అక్క పెండ్లి మొన్ననే దేవరకొండల అయ్యింది. బావ వాళ్లది వనపర్తి. ఇక్కడ మా ఇంట్ల అక్కతోని గౌరీపూజ చేయిస్తున్నప్పుడే అక్కడ విడిదింట్ల బావను తయారు చేస్తున్నరు, రెండూ రెండు ఫోన్లల్ల తీసినం. నేను ఇంట్ల లాప్‌టాప్ ముందట కూసోని రెండు వీడియోలు ఒకటే తెర మీద పక్కపక్కన వచ్చేటట్టు చేసిన, స్ప్లిట్ స్క్రీన్ అంటరు కదా, అది. ఎట్ల చేసిన్నో మా చుట్టాల గ్రూపుల తెలుగుల రాసి పైన 'తెర చీల్చే పద్ధతి' అని పేరు పెడితే మా మేనత్త "పెండ్లి వీడియోకు చీల్చుడు ఏందే, నీ నోట్లె మంచిమాట రాదా" అని కోపం చేసింది. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులకు మార్చి చూస్తే 'విభజించు' అని ఉన్నది, అది నొక్కితే వీడియో నడుమకు రెండు ముక్కలైంది గని తెర రెండు కాలేదు. చీల్చు, విభజించు, పంచు, వీటిల్ల ఏది రైటు సార్?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: బిడ్డా, ముందుగాల మీ మేనత్తకు నా నమస్కారం చెప్పు. వ్యాకరణం చదువుకున్నోళ్లకు తట్టనిది ఆమెకు తట్టింది. బియ్యం అయిపోతె నిండుకున్నయ్ అనే ఇండ్లు మనవి, దీపం ఆరింది అనరు, కొండెక్కింది అంటరు, పుస్తెలతాడు తెగినా పెరిగింది అంటరు, అసొంటి ఇంట్ల పెండ్లి వీడియో ముంగట 'చీల్చే పద్ధతి' అని రాస్తే ఎవలు ఊకుంటరు చెప్పు. చీల్చుడు అంటే మనకు ముందు యాదికొచ్చేది కంబంలకెళ్లి బయటికొచ్చిన నరసింహస్వామి. 2016ల కొత్త జిల్లాలు చేసేదాక యాదగిరిగుట్ట మన నల్లగొండ జిల్లాలనే ఉండె, ఆ సామి చీల్చింది ఏందో ఇక్కడ చిన్నపిల్లలకు సుత ఎరుక.

ఇగ 'విభజించు' ముచ్చట. మాట తప్పు కాదు. సంస్కృతంల భజ్ అనే ధాతువుకు పంచుకొనుడు అనే అర్థం ఉన్నది, భాగం, భక్తి, విభజన అన్నీ అక్కడియే. కాని 2014 తర్వాత మన దగ్గర విభజన అంటే రాష్ట్రమే గుర్తొస్తది, నీళ్ల వాటాలు, ఆస్తుల పంపకాలు, విభజన చట్టంల ఫలానా సెక్షన్ అని టీవీల కొట్లాట. పెండ్లి వీడియోల పెండ్లికొడుకు ఒక దిక్కు పెండ్లిపిల్ల ఒక దిక్కు ఉండంగ పైన 'విభజిత తెర' అని రాస్తె చూసినోళ్లకు ఇంక ఏమేమో అనుమానాలొస్తయి.

నీ వీడియో ముక్కలైంది అన్నవు చూడు, తప్పు నీది కాదు, ఇంగ్లీషు మాటది. వాళ్లు స్ప్లిట్ అనే ఒక్క మాటతోని రెండు పనులు చేస్తరు. వీడియోను ఫలానా సెకండు కాడ కోసి ముందటి ముక్క, ఎన్కటి ముక్క అని చేస్తె అదీ స్ప్లిటే, అది కాలాన్ని కోసుడు. ఒకటే సెకండుల రెండు బొమ్మలను పక్కపక్కన కూసోబెడితె అదీ స్ప్లిటే, అది జాగను పంచుడు. రెండింటికీ 'విభజించు' అని ఒకటే తెలుగు అంటిస్తె నొక్కెటోళ్లకు ఎట్ల తెలుస్తది? తెలుగు చేసుడంటే నిఘంటువుల మాట పక్కన మాట పెట్టుడు కాదు, ఆ బటన్ నొక్కితె ఏమైతదో చూసి పేరు పెట్టాలె, మంగలి ఇంట్ల కత్తెరనూ కమ్మరి ఇంట్ల కత్తెరనూ ఒకటే అని చేతికిస్తమా? కోసేదానికి కోత అనో ముక్క అనో అనొచ్చు, పెండ్లిళ్ల వీడియోలు మిక్సింగ్ చేసే పిల్లలైతే నలభై ఏండ్ల నుంచి కట్ అనే అంటున్నరు, అదీ తెలుగైపోయింది, దాన్ని ముట్టుకోకు.

నీ తెర అసలు చిరగనే లేదు కదా. నేను మా మనుమని పక్కన కూసోని చూసిన, ఒక వీడియో కింది వరుసల, ఇంకొకటి దాని మీది వరుసల పెడ్తరు, పైదాన్ని సగానికి కత్తిరించి పక్కకు జరిపితె కిందిది అగుపడ్తది. అంతే. మా వాడు మొదలు కత్తిరించకుండ యాభై శాతానికి చిన్నగ చేసిండు, 1920 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పు 1080 ఎత్తు ఉన్న బొమ్మ 960కి 540 అయి కూసుంది, పైన కింద నల్లటి ఖాళీ. తర్వాత చిన్నగ చేయకుండ రెండు పక్కల 480, 480 కత్తిరించి నడిమి 960 ఉంచి ఒకదాన్ని ఎడమకు 480, ఇంకొకదాన్ని కుడికి 480 జరిపిండు, అప్పుడు నిండుగ కుదిరింది. కుదిరింది గని పెండ్లికొడుకు నడిమిట్ల లేకుండ ఒక పక్కకు నిలవడ్డడు గద, సగం ముక్కు, ఒక చెవు, బాసింగం అంచు తప్ప ఏం మిగల్లేదు! మనిషి నడుమల ఉండేటట్టు చూసి కత్తిరించాలె అని అప్పుడు తెలిసింది మా వానికి. రెండు చప్పుళ్లు కలిస్తె సంతే, ఒకదాని చప్పుడు బంద్ చెయ్యాలె.

పాతకాలపు డబుల్ యాక్షన్ సినిమాలల్ల సుత ఇదే పని, కాకపోతె కెమెరాలనే. కెమెరా కదలకుండ నిలవెట్టి కటకానికి, అంటె లెన్సుకు, సగం అడ్డం పెట్టి ఒక పాత్రను తీసి, ఫిలింను ఎన్కకు తిప్పి, అడ్డాన్ని ఇటు పక్కకు మార్చి అదే నటున్ని ఇంకో పాత్రల తీస్తరు. మాస్కు అనేటోళ్లు దాన్ని. అందులనూ చీల్చుడు లేదు, కప్పుడే ఉన్నది.

'తెర' ముచ్చట రెండు మాటలల్ల చెప్పి అసలు దగ్గరికొస్త. తెరకు అల అని సుత అర్థం ఉన్నది మన పాత తెలుగుల, తమిళంల తిరై అన్నా, కన్నడంల తెరె అన్నా ఇప్పటికీ రెండు అర్థాలున్నయి. గాలికి ఊగే బట్ట, నీళ్ల మీద లేచే అల, చూస్తె ఒకటే తీరు కదా. ఎసరు తెర్లుతున్నది అని మా అమ్మ అనేది, ఆ తెర్లుడుకు ఈ తెరకు చుట్టరికం ఉన్నదని నాకొక పిచ్చి నమ్మకం, నువ్వు నమ్మాల్సిన పని లేదు. యక్షగానంల ఇద్దరు మనుషులు పట్టుకునే తెర, పెండ్లిల జీలకర్ర బెల్లం పెట్టేదాక పిల్ల పిల్లగాని నడుమ పట్టుకునే తెర, రెండూ మనం చూసినయే. ఆ పెండ్లి తెర చూడు, ఇటు ఒకరు అటు ఒకరు, నడుమ గీత. మీ అక్క పెండ్లిల నువ్వు వీడియోల చేసిన పని అయ్యగారు ముందే బట్టతోని చేసిండు, ఆయన దాన్ని చీల్చుడు అన్లేదు.

ఇగ నా మాట. 'పాయ'. ఈ మాట అంటె నాకు పానం. పాయు అంటె వేరగుడు, పాపు అంటె వేరు చేసుడు, మేయుకు మేపు ఎట్లనో పాయుకు పాపు అట్ల. ఆ పాయుల నుంచి పాయ, పాపట. మీ అక్క పాపటల కుంకుమ పెట్టిండ్రు కదా, ఆ సన్న గీత అటు సగం జుట్టు ఇటు సగం జుట్టు చేసింది, ఎవరన్న జుట్టు చీలింది అన్నరా? జడ అల్లెటప్పుడు మూడు పాయలు తీస్తరు, తీసుడు ఎందుకు, మళ్ల కలిపి అల్లెటందుకే. ఏరు పాయలైతది, ముంగటికి పోయి మళ్ల కలుస్తది. మెదక్ దిక్కు మంజీర ఏడు పాయలైన చోటును ఏడుపాయల అనే పిలుస్తున్నం, దుర్గమ్మ జాతరకు పోయినోళ్లకు ఎరుకే. గద్వాల కాడ కృష్ణమ్మ రెండు పాయలై నడుమల గుర్రంగడ్డ అనే ఊరినే ఎత్తుకోని కూసున్నది, అటు పాయ ఇటు పాయ, నది ఒకటే. ఇంతకన్నా మంచి స్ప్లిట్ స్క్రీన్ ఏ సాఫ్ట్‌వేర్ చూపిస్తది? ఎల్లిపాయల పాయ సుత ఇదే అనుకుంట, గడ్డ ఒకటే గని లోపల దేనిది దానికే పొర. హోటల్ల తాగే పాయా షోర్వ వేరే, అది ఉర్దూ పాయా, కాలు అని అర్థం. అంతా పాయె అనేటప్పుడు పాయె ఇంకా వేరే, అది పోయె.

ఎవరన్న తెలివిగల్లోళ్లు నన్ను పట్టుకోవచ్చు, ఎడబాయుల ఉన్నది సుత ఈ పాయే కదా, ఎడబాటు కన్న అపశకునం ఏమున్నది పెండ్లికి, అని. నిజమే. అక్కడ నా కాడ గట్టి జవాబు లేదు. కాని క్రియ వేరు, పేరు వేరు, పాయు అన్నప్పుడు ఉన్న ఏడుపు పాయ అన్నప్పుడు లేదు, జడకు ఎక్కంగనే ఆ మాట బతుకు మారింది.

తెర మీద రెండు కథలు ఒక్కసారి నడిపించుడు ఇప్పుడొచ్చిన విద్య అనుకుంటున్నరు పిల్లలు. మన కవులు కాయితం మీద, ఒక్క పద్యంల, అదే చేసిండ్రు. 16వ శతాబ్దంల పింగళి సూరన రాఘవపాండవీయంల ఒకే పద్యాన్ని ఇటు చదివితే రామాయణం, అటు చదివితే భారతం. అందరూ అక్కడనే ఆగుతరు. మన పాలమూరు దిక్కు జటప్రోలు సంస్థానంల ఎలకూచి బాలసరస్వతి అనే మహానుభావుడు ఉండె, 17వ శతాబ్దం, సురభి మాధవరాయల కొలువు, ఆ రాజు సుత కవే, చంద్రికా పరిణయం రాసిండు. బాలసరస్వతి ఏం చేసిండంటే రాఘవ యాదవ పాండవీయం అని మూడు కథలు, రాముని కథ, కృష్ణుని కథ, పాండవుల కథ, మూడూ ఒక్క కావ్యంల ఒక్క పద్యంల నడిపిండు. మూడు పాయల జడ! నన్నయ పేరు మీద నడిచే ఆంధ్రశబ్దచింతామణి అనే తెలుగు వ్యాకరణ పుస్తకానికి తెలుగుల టీక చెప్పింది సుత ఆయనే, అంటే మాటను ఎక్కడ విరవాల్నో ఎక్కడ విరవొద్దో ఎరిగిన వైయాకరణి చేతుల ఆ మూడు కథలు పడ్డయి. పాత జటప్రోలు శ్రీశైలం నీళ్లల్ల మునిగింది, గుళ్లను విప్పి ఇవతలికి తెచ్చి కట్టుకున్నరు, కావ్యాన్ని మాత్రం ఎవరూ ఒడ్డుకు తెచ్చుకున్నట్టు లేదు, డిగ్రీ పిల్లలను అడిగితే బాలసరస్వతి అంటె సినిమా పాటలు పాడినామె కదా సార్ అంటరు. ఆమె గొప్ప గాయని, కాదనను, ఈయన సంగతి కొంచెం చెప్పండయ్యా అంటున్న.

ఎట్ల నడుస్తయి మూడు కథలు? శ్లేషతోని. హరి అనే మాట ఉన్నది, విష్ణువు, కోతి, సింహం, ఇంద్రుడు, గుర్రం, ఇన్ని అర్థాలు దానికి, మాటను విరవకుండనే ఏ కథకు కావాల్సింది ఆ కథ తీసుకుంటది, అది అభంగ శ్లేష. మాటను వేర్వేరు చోట్ల విరిస్తె వేర్వేరు అర్థాలొచ్చేది సభంగ శ్లేష, దానికి పాత జోకే చాలు. పెండ్లి దర్వాజకు కట్టే మావిడాకులు చూడు, మావిడి ఆకులు అంటె పచ్చతోరణం, మా విడాకులు అంటె కోర్టు కేసు. అక్షరం ఒక్కటి మారలే, విరుపు మారింది. అందుకే పెండ్లింట్ల ఏ మాటను ఎక్కడ విరుస్తున్నమో చూసుకోవాలె, మీ మేనత్త అన్నది అదే, ఆమెకు సభంగం అనే పేరు తెలవదు, అంతే తేడా.

బాలసరస్వతి లెక్క మూడు పాయలు నీకూ చెయ్యొస్తది, నిలువుగ పట్టుకోని తీసిన ఫోన్ వీడియోలైతే 1080 ఎత్తుకు ఒక్కొక్కటి 607 చిల్లర వెడల్పు పడ్తది, మూడు పక్కపక్కన పెట్టినా ఇంక వందకు దగ్గర పిక్సెళ్లు మిగుల్తయి, నడుమ రెండు గీతలకు సరిపోతది. ఆ నడిమి గీతను సుత బార్డర్ అంటున్నరు. కృష్ణకు తుంగభద్రకు నడుమ ఉన్న గద్వాల, అలంపురం సీమను మనం నడిగడ్డ అంటం, గీతకు ఆ పేరు పెడితె మా గద్వాల దోస్తు కోపానికొస్తడు గని నాకైతే మస్తు ముద్దుగ ఉన్నది.

ఇంతకూ నువ్వు అడిగింది ఏది రైటు అని. 'పంచు' తప్పు కాదు గని అన్నదమ్ముల పొలం కొట్లాట వాసనొస్తది. 'చీల్చు' వద్దు. 'విభజించు' సర్కారు కాయితాలకు ఉండనీ. స్ప్లిట్ స్క్రీన్ అనే అన్నా నేను కాదనను, బస్సు అన్నం, రైలు అన్నం, ఇదొకటి ఎక్కువనా. తెలుగుల రాయాల్సిందే అనుకుంటె నేనైతే 'రెండు పాయల తెర' అంట, మూడైతే 'మూడు పాయల తెర', ఒట్టిగ ఇద్దరినే చూపిస్తె 'జంటతెర' అనొచ్చు, పెండ్లికి ఆ జంట అనే మాట సుత కలిసొస్తది. ఖాయంగ ఇదే అని మాత్రం చెప్పను, పాయల మీద నాకున్న మోజు నువ్వు చూసినవు కదా. మీ గ్రూపుల 'చీల్చే పద్ధతి' కొట్టేసి ఈ రెండూ పెట్టు, మీ మేనత్త దేనికి కోపం చేయకుండ ఊకున్నదో నాకొక ముక్క రాసి పంపు.