మేడ మీద ఎవరో దీపం వెలిగించారు

పశ్చిమ మాంబళం, చెన్నై
ఆదివారం

చిరంజీవికి,

నీ నవల రాతప్రతి, దాంతోపాటు ఆడియో ఉన్న పెన్‌డ్రైవ్, రెండూ అంది మూడు వారాలైంది. చదవడానికి నాలుగు రోజులు పట్టింది. వినడానికి అంతకంటే ఎక్కువ పట్టింది, ఎందుకంటే మధ్యలో మూడుసార్లు కోపం వచ్చి ఆపేశాను. జవాబు ఆలస్యానికి కారణం అదే.

కోపం ఎక్కడ మొదలైందో చెప్తాను. పద్నాలుగో అధ్యాయం. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద విల్లాలో నీ హీరోయిన్ రాత్రిపూట ఒంటరిగా కూర్చుని ఉంటుంది. హాల్లో లైటు మెల్లగా తగ్గుతుంది. ఆమె తలెత్తి చూస్తుంది. ఇంతవరకూ బాగుంది. మరుక్షణం నువ్వు మమ్మల్ని భర్త ఆఫీసులోకి లాక్కెళ్లావు. అతను ఫోన్‌లో యాప్ తెరిచి, ఆ స్మార్ట్ బల్బు వెలుగును వేలితో తగ్గిస్తూ నవ్వుకుంటున్నాడు. అక్కడే కాగితాలు పక్కన పెట్టేశాను.

అమ్మాయీ, నీ నవలకి మూలమైన "గ్యాస్ లైట్" అనే ఆ పాత ఇంగ్లీషు నాటకం చదివి రాశావా, దాని పేరు మీద పుట్టిన మాట విని రాశావా?

"గ్యాస్‌లైటింగ్" అన్న మాట, అంటే ఎదుటి మనిషికి తన మీద తనకే నమ్మకం పోయేలా చేయడం, ఇప్పుడు అందరి నోటా ఉంది. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్లు 2022కి దాన్నే ఆ ఏటి మాటగా ఎంచారు. ఆఫీసు గొడవల్లో, విడాకుల కబుర్లలో, టీవీ చర్చల్లో అదే మాట. అంటున్నవాళ్లలో చాలామంది, ఆ కథలో మొగుడు పెళ్లాన్ని పిచ్చిదాన్ని చేయడానికి కావాలనే దీపాలు తగ్గించాడని అనుకుంటున్నారు. అలా జరగలేదు. 1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకంలోనూ లేదు, ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చిన 1944 నాటి సినిమాలోనూ లేదు.

అసలు సంగతి ఇది. ఆ కాలంలో లండన్ ఇళ్లలో గోడదీపాలన్నిటికీ గొట్టాల్లో గ్యాస్ వచ్చేది. ఇంట్లో ఇంకెక్కడైనా మరో దీపం వెలిగిస్తే ఒత్తిడి పడిపోయి మిగతావి కాస్త మందగిస్తాయి. ఆ భర్త రోజూ రాత్రి బయటికి వెళ్తున్నానని చెప్పి, దొంగదారిన తన ఇంటి పై అంతస్తులోకే వస్తాడు. తాళం వేసి ఉంచిన అంతస్తు అది. ఎన్నో ఏళ్ల కిందట అదే ఇంట్లో తాను చంపిన ఆవిడ నగల కోసం వెతుకుతుంటాడు. వెతకాలంటే వెలుగు కావాలి కదా, దీపం ముట్టిస్తాడు. కింద భార్య గదిలో దీపం కుంగుతుంది. ఆ సంగతి అతను లెక్కలోకే తీసుకోలేదు. అతను కావాలని చేసినవి వేరే ఉన్నాయి. గోడ మీది పటం తీసేసి నువ్వే దాచావనడం, వస్తువులు మాయం చేసి నువ్వే పోగొట్టావనడం, పనిమనిషి ముందు ఆమెను చిన్నబుచ్చడం. దీపం మాత్రం అతని చేయి దాటిపోయిన విషయం. అది ఆమె సాక్షి. అతను బయటికి వెళ్లిన కాసేపటికి దీపం తగ్గుతోంది, తిరిగి వచ్చే ముందు మళ్లీ పెరుగుతోంది. ఈ రెండిటినీ ముడిపెట్టి, పైన తిరిగేది తన మొగుడేనని నాటకంలో ఆమె తనంతట తానే అర్థం చేసుకుంటుంది. బయటికి చెప్పే ధైర్యం లేక లోపల దాచుకుంటుంది. డిటెక్టివ్ వచ్చేది ఆ తర్వాత.

చూశావా నువ్వేం చేశావో? ఆమె సాక్షిని తీసుకెళ్లి అతని చేతిలో పెట్టావు. ఇక ఆమెకి మిగిలింది భయం ఒక్కటే. మూడు వందల పేజీలు ఆమె భయపడుతూనే ఉంది. చివరికి ఇన్‌స్పెక్టర్ వచ్చి, భర్త ఫోన్ తెరిచి, యాప్‌లో ఏ రోజు ఎన్ని గంటలకి లైటు తగ్గిందో చదివి వినిపిస్తాడు. ఆమె దుప్పటి కప్పుకుని వింటుంది. తన కథని తానే ఇంకొకరి నోట వినడం ఏమిటి?

నాకు ఇది ఎందుకింత మంట పెట్టిందో చెప్పాలి. 1978లో ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చింది. పల్లెటూళ్లో పాత మండువా లోగిలి. కొత్తకోడలు. రాత్రి పూట దొడ్లో నూతి గిలక చప్పుడవుతుంది. అత్తగారు "గాలికి తిరుగుతోందిలే, పడుకో" అంటుంది. కోడలు పడుకోదు. చేద ఖాళీగా దిగేటప్పుడు గిలక గలగలా తిరుగుతుంది, నీళ్లతో పైకొచ్చేటప్పుడు ఆగి ఆగి కిర్రుమంటుంది. గాలి నీళ్లు తోడదు కదా! ఎవరో అర్ధరాత్రి నీళ్లు తోడి ఏదో కడుగుతున్నారు. ఈ పదకొండు పంక్తుల కోసం నేను మా అమ్మమ్మగారి ఊరు వెళ్లి, రెండు రాత్రులు నూతి దగ్గర కూర్చుని విని వచ్చాను.

పత్రిక చేతికొచ్చింది. ఆ పదకొండు పంక్తులూ లేవు. ఆ జాగాలో తలనూనె ప్రకటన ఉంది. ఆఫీసుకు వెళ్లి అడిగితే ఎడిటరుగారు తల కూడా ఎత్తలేదు. "ఆడవాళ్ల సీరియల్లో కన్నీళ్లుంటే చాలమ్మా, గిలకలూ చేదలూ ఎవరు చదువుతారు?" అన్నారు. తర్వాత ముగింపు కూడా మార్చమన్నారు, పోలీసు బావ ఒకడు వచ్చి రహస్యం విప్పాలట. ఇంటద్దె రెండు నెలలు బాకీ. ఒప్పుకున్నాను. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కార్బన్ కాపీ పెట్టుకోలేదు కాబట్టి ఆ పదకొండు పంక్తులు ఇక ఎక్కడా లేవు. నన్ను బలవంతపెట్టి చేయించిన పనిని నువ్వు ఎవరూ అడగకుండానే చేశావు. అదే నాకు కష్టంగా ఉంది.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసేదాన్ని. వాటిలో చివర డిటెక్టివ్ అంతా విప్పి చెప్తే ఎంతో బాగుండేది, ఎందుకంటే అది అతని కథ. నీది అతని కథ కాదు.

ఇప్పుడు ఆడియో. పదకొండు గంటలు పైనే ఉంది. చదివిన అమ్మాయి గొంతు మంచిది, ఉచ్చారణ శుభ్రంగా ఉంది. కానీ ఎవరు చెప్పారు ఆమెకి ఏడవమని? వెనక ఆ టెన్షన్ మ్యూజిక్ ఎవరు పెట్టారు? అన్నిటికన్నా ఘోరం, ఇరవై రెండో అధ్యాయంలో వినిపించిన అడుగుల చప్పుడు.

నువ్వు రాసిన వాక్యం ఇది: "పైన ఎవరో నడిచినట్టనిపించింది." మంచి వాక్యం. మన భాష మనకిచ్చిన వరం ఈ "ట్టు". నడిచారు అనడం వేరు, నడిచినట్టనిపించింది అనడం వేరు. అలాంటివే "కాబోలు", "ఏమో", "అట". ఒక్క చిన్న మాటతో నిజానికీ భ్రమకీ మధ్య నిలబెట్టేస్తాయి. నీ నవలంతా ఆ "ట్టు" మీద నిలబడాలి. మరి ఆడియోలో ఏమైంది? ఆ వాక్యం చదవకముందే టక్, టక్, టక్ అని బూట్ల చప్పుడు వేశారు. నేను నా చెవులతో విన్నాను. ఇక అనుమానం ఎక్కడుంది? పైన మనిషి ఉన్నాడని నాకు తెలిసిపోయింది. ఆమె మాత్రం ఇంకో ఎనభై పేజీలు "నాకు పిచ్చెక్కుతోందా" అని కుమిలిపోతోంది. ఆమెతో కలిసి భయపడాల్సినదాన్ని, ఆమె మీద జాలిపడుతూ కూర్చున్నాను. చప్పుడు తీసేయించు. మ్యూజిక్ కూడా తీసేయించు.

భర్త గొంతు గురించి ఇంకొకటి. మొదటి మాట నుంచే దుర్మార్గుడిలా పలికించారు. "కాఫీ తాగావా" అన్నా విషం కలిపి ఇచ్చినట్టే ఉంది. అలాంటి గొంతుతో ఏ ఆడది మూడేళ్లు కాపురం చేస్తుంది?

1984 ప్రాంతంలో కోడంబాకంలో డబ్బింగ్ సినిమాలకి మాటలు రాసేదాన్ని. సినిమాని చిన్న చిన్న లూపులుగా కత్తిరించి, ఒక్కో లూపునీ తెర మీద మళ్లీ మళ్లీ తిప్పేవాళ్లు. పెదవులు కలిసిన చోట ప, బ, మ పడేలా మాటలు కూర్చాలి. ఒక సినిమాలో భర్తకి విషం పెట్టే ఇల్లాలి పాత్ర. గొంతు ఇచ్చే ఆవిడకి నేను కథ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కథ చెప్పకమ్మా, నాకు ఈ లూపు చాలు" అంది. లూపులు వరసగా రావు కదా, ముందుది వెనక, వెనకది ముందు. తాను హంతకురాలినని తెలియకుండానే సగం సినిమా చెప్పేసింది. అన్నం వడ్డిస్తూ "ఇంకొంచెం పెట్టనా" అనే మాట ఎంత ప్రేమగా పలికిందో ఇప్పటికీ నా చెవిలో ఉంది. థియేటర్లో జనం చివరి రీలులో నిజంగా ఉలిక్కిపడ్డారు. నీ నవల చదివే అమ్మాయిని కూడా అధ్యాయం తర్వాత అధ్యాయం, ముందేముందో తెలియకుండా చదివించు. మళ్లీ రికార్డు చేయాలంటే ఖర్చవుతుందంటావు. అవుతుంది. చెయ్యి.

హక్కుల సంగతి అడిగావు. హామిల్టన్ 1962లో చనిపోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు, ఇంగ్లాండులో 70. ఆడియో దేశాలు దాటుతుంది కాబట్టి ముందే ఒక లాయరుకి చూపించు. సినిమాల్లో కొత్తగా కల్పించినవి మాత్రం ముట్టుకోకు. ఆ యువ డిటెక్టివు, పాటలు పాడే పిన్ని, ఇవన్నీ 1944 నాటి సినిమావాళ్ల సొత్తు.

మరి బల్బు తీసేస్తే దాని స్థానంలో ఏం పెట్టాలి? గ్యాస్ దీపాన్ని కరెంటు దీపంగా మారిస్తే సరిపోతుందనుకున్నావు. పాత ఫిలమెంటు బల్బు అయితే పైన ఇస్త్రీపెట్టె పెట్టినా కాస్త కుంగేది. ఇప్పటి ఎల్ఈడీ లోపల వోల్టేజీ కొంచెం పడినా వెలుగు తగ్గకుండా చూసే సర్క్యూట్ ఉంటుంది. కాబట్టి దీపాన్ని వదిలెయ్. అలాంటి పనే చేసేది ఇంకేముందో మన ఊళ్లోనే వెతుకు.

నేను చెప్తాను. నీళ్లు.

మేముండే ఇంట్లో డాబా మీద ఒకటే ట్యాంకు. దాని నుంచి ఒకటే గొట్టం దిగి, మేడ మీద వాటాకీ కింద నా వాటాకీ చీలుతుంది. పొద్దున నాలుగున్నరకి నేను బిందె పెట్టి కుళాయి తిప్పుతాను. మేడ మీద వాళ్లు వాళ్ల కుళాయి తిప్పగానే నా ధార దారమంత అయిపోతుంది. బిందెలో పడే చప్పుడు కూడా మారుతుంది, గుబగుబ పోయి సన్నగా ఈల వేసినట్టుంటుంది. వాళ్లు కట్టేయగానే మళ్లీ నిండుగా పడుతుంది. పైన ఎవరు లేచారో, ఎప్పుడు స్నానం చేశారో నాకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. 2019 ఎండాకాలం చెన్నైలో నీళ్లు లేక లారీ కోసం బిందెలు వరసపెట్టిన ఆడవాళ్లకి, కుళాయిలో ధార ఎంత లావుందో చూపుతోనే కొలవడం తెలుసు. నీ హీరోయిన్‌కి కూడా తెలియాలి.

ఆ విల్లా తీసేసి ఆమెని ఒక పాత ఇంట్లో పెట్టు. మేడ మీది వాటాకి తాళం. ఓనరు అమెరికాలో ఉన్నాడని, పైన ఎవరూ లేరని భర్త చెప్పాడు. అతను నైట్ షిఫ్టుకి వెళ్లిన పావుగంటకి ఆమె గిన్నెలు తోముతుంటే ధార సన్నబడింది. మరుసటి రాత్రి కూడా. శనివారం అతనికి సెలవు, ఆ రాత్రి ధార తగ్గలేదు. "ట్యాంకులో నీళ్లు అయిపోతున్నాయి, నీకన్నీ అనుమానాలే" అంటాడతను. అనుమానమే, కానీ ట్యాంకు ఖాళీ అయితే ధార మళ్లీ పెరగదు కదా. ఈ "కదా" ఆమె నోట రావాలి. ఇన్‌స్పెక్టర్ నోట రాకూడదు.

ఆమెకి ఆ బుర్ర ఉందని నాకు ఎలా తెలుసంటే, నువ్వే రాశావు. తొమ్మిదో అధ్యాయంలో తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయిన రాత్రి, ఆమె చీకట్లో పడుకుని వంటింటి అలమరలో డబ్బాలన్నీ వరసగా చెప్పుకుంటుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఇంగువ. తర్వాత లేచి వెళ్లి లైటు వేయకుండా ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసుకుంటుంది. వరస తప్పలేదు. ఇంగువ డబ్బా పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోతుంది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాత్రి మళ్లీ తీసి చదివాను. మూడు వారాల తర్వాతైనా ఈ ఉత్తరం రాస్తున్నది ఆ పేజీ వల్లే.

పద్నాలుగు, ఇరవై రెండు అధ్యాయాలు, ముగింపు తిరగరాసి పంపు. ఆడియో ఇప్పుడే వద్దు. ఈలోగా ఒక పని చెయ్యి. మీ ఇంట్లో కుళాయి కింద బిందె పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకో. పై వాటావాళ్లు నీళ్లు వాడుతున్నప్పుడు ఒకసారి, వాడనప్పుడు ఒకసారి. చప్పుడు ఎప్పుడు మారిందో కూడా రాసుకో. ఆ కాగితం కూడా అధ్యాయాలతో పాటు పంపించు.

ఆశీస్సులతో,
మీ అమ్మ